కింది అర

అక్టోబరు 6, సోమవారం

ఈ రోజు గుడి కమిటీ మీటింగులో నోరు తెరిచి అడిగాను. స్టోరు గదికి ఇనుప ర్యాకులు కావాలని.

అన్నదానం స్టోరు తాళాలు నా చేతికి వచ్చాక ఏ మీటింగులోనూ నేను మాట్లాడింది లేదు. గుమ్మం పక్కన కూర్చుని, టీ గ్లాసులు అందించి, లేచి వచ్చేదాన్ని. అందుకే ప్రెసిడెంటు చెన్నకేశవులు అన్నయ్య ఎవరు మాట్లాడారా అని ముందు వీధి వైపు చూశాడు.

"ఎవరూ, పార్వతమ్మా? నువ్వా మాట్టాడింది? ఏందో గట్టిగా చెప్పు."

"ర్యాకులు అన్నయ్యా. చెక్క బీరువాకి చెదలు పట్టింది. బియ్యం బస్తాలు నేల మీదే ఉంటన్నయ్యి. కార్తీకం వస్తంది."

"ఇనపయ్యి చేసేవాళ్ళు మన గురజాల్లో ఎవరున్నారు?"

"మా పీరాంబీ వాళ్ళాయన లేడూ. ముర్తుజా. రైలు గేటు దగ్గర షెడ్డు."

సరే అన్నారు. అంత తేలిగ్గా సరే అంటారని తెలిస్తే పోయిన కార్తీకానికే అడిగేదాన్ని.

పీరాంబీ, నేను పదో తరగతి దాకా ఒకే బెంచీ. దాని ఇంటికి ఒక పని వచ్చిందన్న సంతోషం ఒకటి. బియ్యం నేల మీద నుంచి లేస్తుందన్న సంతోషం ఇంకొకటి. చిన్నప్పుడు ఒక్క గింజ కాలికి తగిలినా వంగి తీసి కళ్ళకద్దుకోమనేది మా అమ్మ. ఇప్పటికీ బస్తాల మధ్య నడిచేటప్పుడు కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, పాదం తగలకుండా పక్కకు తిరిగి నడుస్తాను. భవ్య చూసి నవ్వుతుంది. కూరగాయలు తరగడానికి వచ్చే మా వీధి పిల్ల. డిగ్రీ చదువుతోంది. దానికి నవ్వు ఎక్కువ.

అక్టోబరు 11, శనివారం

ముర్తుజా అన్న టేపు పట్టుకుని కొలతలకు వచ్చాడు. గుడి వెనక వంటశాల వైపు గేటు ఉంది కదా, చెప్పులు అక్కడే వదిలేశాడు. ఇక్కడ అక్కర్లేదన్నా వినలేదు.

గోడ మీద వేళ్ళతో కొట్టి చూశాడు. పాత రాతి గోడ, రాళ్ళ మధ్య మట్టి.

"దీనికి బోల్టు పట్టదక్కా. తవ్వితే మట్టే రాలుద్ది. గోడతో పన్లేకుండా నిలబెడతా. కానీ ఒక్కమాట. బరువంతా కింది అరలో పెట్టాల. బియ్యం, పప్పు, నూనె డబ్బాలు కింద. ఇస్తరాకులు, గ్లాసులు, తేలికయ్యి పైన. అట్టా ఉంటే కొండ మాదిరి నిలబడుద్ది."

నేను తలూపాను.

"తలూపితే చాలదక్కా. ఇనపడిందా?"

"ఇనపడింది అన్నా."

వెంకాయమ్మ పిన్ని అక్కడే పీట మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. ఎనభై దాటినా పొయ్యి దగ్గర ఆమె మాటే మాట. ముర్తుజా అన్న నమూనాకు తెచ్చిన నిలువు కమ్మీకి వరసగా అన్ని బెజ్జాలు ఎందుకయ్యా అని అడిగింది.

"అరలు జరుపుకోటానికి పెద్దమ్మా. బోల్టు ఊడదీస్తే పైకి జరుగుద్ది, కిందికి జరుగుద్ది. ఎట్టా కావాలంటే అట్టా. మాట ఇనే సామాను."

"బోల్టు తిప్పితే మాట ఇనేటట్టు మా కోడల్ని కూడా కాస్త చేసిపెట్టయ్యా" అంది పిన్ని.

చాలా సేపు నవ్వుకున్నాం.

అక్టోబరు 17, శుక్రవారం

ర్యాకులు వచ్చాయి. గోడ పొడుగునా నాలుగు నిలువు కమ్మీల జతలు, వెనక అడ్డంగా ఇనుప పట్టీలు, నా తలకు పైదాకా అరలు. బూడిద రంగు. ముర్తుజా అన్న ఒక్కో బోల్టు బిగిస్తూ, ఒక్కోసారి దారానికి బరువు కట్టి వేలాడదీసి చూస్తూ, మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. నేల నాపరాళ్ళు ఎగుడుదిగుడు కనుక కాళ్ళ కింద ఇనుప బిళ్ళలు పెట్టాడు. కింది అర నేలకు జానెడు ఎత్తున ఉంది. నీళ్ళొచ్చినా తగలదన్నాడు.

ఆయన వెళ్ళాక కాసేపు ఆ గదిలో ఒక్కదాన్నే నిలబడ్డాను. కొత్త ఇనుము వాసన. కిటికీలోంచి ఎండ అరల మీద చారలు చారలుగా పడింది. ఇన్ని అరలు ఖాళీగా చూస్తే నాకు ఆకలి వేసినంత ఆత్రం కలిగింది. రేపు సర్దాలి.

అక్టోబరు 18, శనివారం

సర్దాను. రోజంతా.

పప్పు, చింతపండు, బెల్లం నడుమెత్తున. మిరపకాయల గోతాలు దాని మీద. ఉప్పు విడిగా. నూనె డబ్బాలు ఆ పక్కన. పసుపు, కుంకుమ, కర్పూరం ఒక చిన్న అర నిండా. వాటికే ఒక అర ఉండటం నా జీవితంలో ఇదే మొదలు.

కింది అరలో చీపుళ్ళు, గోనె పట్టాలు, ఇస్తరాకుల కట్టలు పెట్టాను.

బియ్యం పైన పెట్టాను.

ముర్తుజా అన్న కింద, పైన అని ఏదో అన్నాడు. ఆయన షాపులకు చేసే మనిషి. ఎరువుల షాపులో ఏ బస్తా ఎక్కడుంటే ఏం. ఇది దేవుడి బియ్యం. చీపురు తగిలే చోట, వచ్చేపోయేవాళ్ళ పాదాలు ఆడే చోట ఎట్లా పెడతాను? ఇనుము ఇనుమే కదా. ఎక్కడ పెట్టినా మోస్తుంది.

బస్తాలు పైకి ఎత్తడానికి ఇద్దరు మనుషులు పట్టారు. చివరి బస్తా ఎక్కాక కింద నిలబడి దణ్ణం పెట్టుకున్నాను. గర్భగుడిలో స్వామి కంటే కూడా ఎత్తున కనపడింది బియ్యం.

అక్టోబరు 20, సోమవారం

దీపావళి. మొదటి ప్రమిద ఇంట్లో, రెండోది గుళ్ళో, మూడోది స్టోరు గది గుమ్మంలో.

అక్టోబరు 22, బుధవారం

కార్తీకం మొదలు. తెల్లవారే లోపు స్నానం, దీపం, స్టోరు. ఇవాళ మూడు పంక్తులు లేచాయి. ఏది కావాలన్నా చెయ్యి చాపితే దొరికింది. జీలకర్ర కోసం వెతకని కార్తీకం ఇదే. చెన్నకేశవులు అన్నయ్య గుమ్మంలో నిలబడి చూసి, "ఏందమ్మాయ్, కలెక్టరాఫీసు మాదిరి పెట్టావు" అన్నాడు. ఆ మాట సాయంత్రం దాకా చెవిలో ఉంది. పొగడ్త కోసం చెయ్యలేదు. అయినా ఉంది.

అక్టోబరు 26, ఆదివారం

గోడ వంకరగా ఉంది. ఇన్నాళ్ళు గమనించలేదు. ర్యాకు పక్కన చూస్తే తెలుస్తోంది. పైన గోడకు, ర్యాకుకు మధ్య నా అరచెయ్యి దూరుతుంది. కింద దూరదు.

మా ఆయన పిడుగురాళ్ళ సున్నం బట్టీ నుంచి వస్తూ నన్ను తీసుకెళ్ళడానికి గుడికి వచ్చాడు. చూపించాను.

"గోడ వంగిందా, ర్యాకు వంగిందా?" అన్నాడు.

"గోడే."

"మీ నాయన పుట్టకముందు నుంచీ ఉన్న గోడ, వారం కిందట వంగిందా?"

ఆయనకు ప్రతిదీ వెటకారమే.

అక్టోబరు 29, బుధవారం

నిన్నటి నుంచి తుపాను వాన. పత్తి చేలన్నీ నీళ్ళలో ఉన్నాయని చెప్పుకుంటున్నారు. అన్నదానానికి వచ్చింది తక్కువమంది. వచ్చినవాళ్ళు నిదానంగా కూర్చుని తిన్నారు.

స్టోరు గదిలోకి నీళ్ళు వచ్చాయి. బొటనవేలు మునిగేంత. పాత రోజులైతే బియ్యం అడుగు బస్తాలు తడిసి ముద్దయ్యేవి. ఈసారి చుక్క తగల్లేదు. పైన పెట్టమని ఆ రోజు నా మనసుకు తోచింది ఊరికే కాదు. స్వామే చెప్పించాడు.

కింది అరలో ఇస్తరాకులు కూడా తడవలేదు.

నీళ్ళు తోడుతుంటే ర్యాకు కాలి కింద ఇనుప బిళ్ళ ఒకటి పక్కకు జరిగి కనపడింది. కాలితో లోపలికి నెట్టాను.

నవంబరు 3, సోమవారం

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

కార్తీక సోమవారం. పంక్తి మీద పంక్తి. బియ్యం చాలదని పొయ్యి దగ్గర నుంచి కేక. భవ్య స్టూలు ఎక్కి పైన బస్తా చెవులు పట్టి లాగింది. బస్తా రాలేదు. గట్టిగా లాగింది. ర్యాకు కదిలింది. చప్పుడు కూడా లేదు, నెమ్మదిగా ముందుకు వంగింది, మనిషి తూలినట్టు. నేను "భవ్యా" అన్నాను. అరిచాననుకున్నాను. గొంతులోంచి వచ్చిందో లేదో.

ఆ పిల్ల పక్కకు దూకింది. బస్తాలు ఒకదాని వెనక ఒకటి జారి పడ్డాయి. ఎదురుగా ఉన్న పెద్ద గంగాళానికి ఆనుకుని ర్యాకు ఆగిపోయింది. ఆ గంగాళం అక్కడ లేకపోతే ఏమయ్యేదో ఆలోచించలేను. భవ్య మణికట్టు గీసుకుపోయింది. అంతే. స్వామి దయ.

రెండు బస్తాలు పగిలాయి. గది నిండా బియ్యం. చప్పుడు విని లోపలికి పరుగెత్తినవాళ్ళందరూ ఆ బియ్యం మీదే నడిచారు. బురద కాళ్ళతో. నేనూ నడిచాను. భవ్య దగ్గరికి వెళ్ళాలంటే వేరే దారి లేదు.

చెన్నకేశవులు అన్నయ్య మొహం ఎర్రగా అయిపోయింది. "ఇనుమా ఇది, అప్పడమా? నెల రోజులు ఆగలా! ఏం చేశాడయ్యా ఆ ముర్తుజా? పిల్ల ప్రాణం పోయేది!"

నేను బియ్యం ఏరుతూ ఉన్నాను.

నవంబరు 4, మంగళవారం

ముర్తుజా అన్న వచ్చాడు. కబురు పెట్టి పిలిపించారు. కమిటీ వాళ్ళు నలుగురు, వెంకాయమ్మ పిన్ని, నేను.

ఆయన ర్యాకు చుట్టూ తిరిగాడు. బోల్టులు పట్టి చూశాడు. ఒక్కటీ వదులు కాలేదు. పై అర ఇనుప రేకు మధ్యలో కిందికి కుంగి ఉండటం చూసి, కింది అరలో చీపుళ్ళు చూశాడు.

"పైన బియ్యం పెట్టారా?"

"పెట్టాం" అన్నాడు చెన్నకేశవులు అన్నయ్య. "ర్యాకన్నాక బియ్యం పెట్టక పూలకుండీలు పెడతారా? పెట్టగూడదంటే నువ్వు ముందే చెప్పాల గదా!"

ముర్తుజా అన్న నా వైపు చూశాడు. నేను నాపరాళ్ళ సందుల్లో ఇరుక్కున్న బియ్యపు గింజలను చూస్తున్నాను.

తర్వాత ఆయనే అన్నాడు. "నిజమే ప్రెసిడెంటు గారూ. గట్టిగా చెప్పాల్సింది. సరిగా చెప్పలేదేమో. నాదే పొరపాటు."

"పొరపాటంటే సరిపోయిద్దా? జూనియర్ కాలేజీ లైబ్రరీకి కూడా నువ్వే చేస్తన్నావంటగా. పిల్లకాయల మీద పడితే? ఆ కమిటీలో మా బామ్మర్ది ఉన్నాడు. చెప్తాను ఆగమని."

ముర్తుజా అన్న టేపు జేబులో పెట్టుకుని, గేటు దగ్గర చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆయనే ఒప్పుకున్నాడు. పెద్దమనిషి. ఒప్పుకున్నాక మధ్యలో నేను చెప్పేదేముంది? చెప్పినా ఆయన మాటకు ఎదురు చెప్పినట్టు ఉంటుంది.

నవంబరు 5, బుధవారం

పౌర్ణమి. వత్తులు వెలిగించాను. తడి ఉందేమో, చిటపటలాడాయి.

నవంబరు 7, శుక్రవారం

మార్కెట్లో పీరాంబీ కనపడింది. దొండకాయలు బేరమాడుతోంది. పక్క సందులోంచి పోదామనుకునేలోపే చూసేసింది.

"ఏమే పార్వతీ, నన్ను చూసి ఆ పక్కకు తిరుగుతావేందే? అప్పు పడ్డావా నాకు?"

"లేదే. ఎండ."

"ఎండ యాడుందే, మబ్బేస్తే!"

అది ఎప్పటిలాగానే నా సంచిలో కొత్తిమీర కట్ట పడేసింది. భవ్య చెయ్యి ఎట్లా ఉందని అడిగింది. గీరుకుంది అంతే అన్నాను. తగ్గిందా అంది. తగ్గిందన్నాను. ర్యాకు సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. విడిపోయేటప్పుడు మాత్రం అంది. "కాలేజీ వాళ్ళు ఆపమన్నారంట. ఇనుము కోసి పెట్టుకున్నాడు. షెడ్డులో ఊరికే కూర్చుంటన్నాడు. అడిగితే మాట్టాడడు. నాకు మీ ఇంటికొచ్చి కూర్చోవాలనిపిచ్చింది, అదేందో రాలేకపోయినా."

దానికి తెలుసా? ఆయన చెప్పాడా? చెప్పి ఉంటే కొత్తిమీర ఇచ్చేది కాదు. చెప్పకపోయి ఉంటే రాలేకపోవడం ఎందుకు?

నవంబరు 8, శనివారం

చెబితే తాళాలు పోతాయి. రాసుకుంటున్నాను కనుక దాచడం ఎందుకు, అదే భయం. పొద్దున్నే ఆ గది తలుపు తీసినప్పుడు వచ్చే పప్పు, పసుపు వాసన ఇంకొకరికి వెళ్ళిపోతుంది. నాకు వేరే ఉద్యోగం లేదు, పేరు లేదు. ఈ ఊళ్ళో నేను ఫలానా అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ గది ఒక్కటే.

ముర్తుజా అన్నకు ఉన్నదీ ఆ షెడ్డు ఒక్కటే.

ఇవాళ జపం కుదరలేదు. పూసలు మధ్యలో ఆగిపోతున్నాయి.

నవంబరు 9, ఆదివారం

పొద్దున వెంకాయమ్మ పిన్ని, నేను మాత్రమే ఉన్నాం. బియ్యం ఇప్పుడు హాల్లో బల్లల మీద ఉంది. నేను చేట పట్టుకుని, ఆ రోజు ఏరిన బియ్యంలో మట్టి చెరుగుతున్నాను. పిన్ని పొయ్యి ముందు నుంచి లేవకుండానే అడిగింది.

"కొలతల రోజు ముర్తుజా ఏమన్నాడో నాకు గుర్తుంది. నీకు గుర్తుందా?"

చేట ఆగిపోయింది.

"నా చెవులు బాగానే పనిచేస్తయ్యే. నువ్వు చెప్తావేమో, చెప్తావేమోనని చూస్తన్నా. ఎందుకు పెట్టావు పైన?"

"కాళ్ళ దగ్గర పెట్టబుద్ధి కాలేదు పిన్నీ. అన్నం. లక్ష్మి. చీపుళ్ళ పక్కన ఎట్టా పెట్టేది? పాపం కదా?"

పిన్ని నవ్వడం మొదలుపెట్టింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"ఓసి పిచ్చిమొహమా. మా అత్తగారింట్లో జొన్నలు యాడ పోసేవాళ్ళో తెలుసా? పాతరలో. ఇంటి ముందరే, నిలువు లోతు గొయ్యి. అడుగున గడ్డి, పక్కన గడ్డి, నిండా జొన్నలు, పైన మట్టి మెత్తి, పేడతో అలికేసేవాళ్ళం. దాని మీదే మా మావ మంచమేసుకుని పడుకునేవాడు. దాని మీదే గేదెలు నడిచేయి, కోళ్ళు తిరిగేయి, పిల్లలు ఆడేవాళ్ళు. ముగ్గు కూడా దాని మీదే పెట్టా నేను. ఊరుఊరంతా లక్ష్మి మీద నడిచింది పల్నాట్లో. ఆ తల్లి ఎవర్నన్నా కోప్పడిందా? కరువొచ్చిన ఏడాది పాతర తవ్వితే అందరి కడుపులూ నింపింది."

చేటలో గింజల్ని వేలితో అటూ ఇటూ జరిపాను.

"ఆమె పుట్టిందే మట్టిలో. కింద ఉంటే ఆమెకేం సిగ్గు లేదు. సిగ్గుపడాల్సింది ఇంకోటుంది."

అది ఏమిటో పిన్ని చెప్పలేదు. తాలింపు మాడుతోందని అటు తిరిగింది.

నవంబరు 10, సోమవారం

చెప్పాను.

చివరి పంక్తి తింటున్నారు. కమిటీ వాళ్ళు మండపం మెట్ల మీద కూర్చుని ఉన్నారు. తాళాల గుత్తి చేతిలో పట్టుకుని వెళ్ళి చెన్నకేశవులు అన్నయ్య ముందు నిలబడ్డాను.

"అన్నయ్యా, ముర్తుజా అన్న తప్పు లేదు. బియ్యం కింద పెట్టమని నాకు చెప్పాడు."

"ఏందీ? ఇనపట్లా. మైకు మోగతంది."

"బియ్యం కింద పెట్టమన్నాడు. నేనే పైన పెట్టాను."

"ఎవరు పైన పెట్టారు? గట్టిగా చెప్పమ్మాయ్, నోట్లోనే నమిలితే ఎట్టా?"

అప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. "నేనే! బియ్యం పైన పెట్టొద్దని ముర్తుజా అన్న నాకు చెప్పాడు! ఇనపడిందా అని కూడా అడిగాడు! ఇనపడిందన్నాను! కాళ్ళ దగ్గర పెట్టడం ఇష్టం లేక నేనే పైన పెట్టాను! మొన్న ఆయన తన మీద వేసుకుంటే నోరు మూసుకు నిలబడ్డాను!"

అంతలో మైకులో పాట అయిపోయింది. చివరి మాటలు గుడంతా వినపడ్డాయి. పంక్తిలో చేతులు ఆగిపోయాయి. సాంబారు బకెట్టు పట్టుకుని భవ్య నిలబడిపోయింది. దాని దగ్గరికి వెళ్ళి మణికట్టు పట్టుకున్నాను. నాకు తిట్లు పడాల్సింది అందరికంటే దాని దగ్గరే. "తగ్గిపోయిందిలే పెద్దమ్మా" అని అది నన్నే ఊరడించింది.

తాళాలు తీసుకెళ్ళి మెట్టు మీద పెట్టాను. చెన్నకేశవులు అన్నయ్య వాటిని చూశాడు, నన్ను చూశాడు.

"ఇవి నాకెందుకు? ఉప్పు యాడుందో కూడా నాకు తెలవదు." గుత్తిని నా వైపు నెట్టాడు. "నువ్వింత గట్టిగా మాట్టాడతావని తెలిస్తే ఆ మైకు కొనేవాళ్ళమే కాదు గదమ్మా."

ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. ఫోన్ తీసి, కాస్త దూరం వెళ్ళి, బామ్మర్దితో మాట్లాడి వచ్చాడు. "చెప్పా. కాలేజీ పని కానీమన్నా. ముర్తుజాకు మాత్రం నువ్వే చెప్పు. నేనన్న మాటలకు నాకు మొహం చెల్లట్లా."

వెళ్ళాను. రైలు గేటు దాకా నడుచుకుంటూ వెళ్ళాను. షెడ్డులో ఆయన లేడు. ఇంట్లో పీరాంబీ ఉంది. అంతా విని, "ఆయన నాకు ముందే చెప్పాడే" అంది. "నీకు చెప్తే నువ్వు కుమిలిపోతావని నన్ను నోరెత్తొద్దన్నాడు. నేనేమో నువ్వే చెప్తావులే అన్నా. పందెం నేనే గెలిచా." తర్వాత నా నెత్తిన ఒక మొట్టికాయ వేసింది, పదో తరగతిలో లాగా. నొప్పిగానే వేసింది.

నవంబరు 12, బుధవారం

ముర్తుజా అన్న ర్యాకు నిలబెట్టడానికి వచ్చాడు. పై రేకు మార్చాడు. కాళ్ళ కింద పెద్ద బిళ్ళలు వేశాడు.

"అన్నా" అన్నాను.

"మా ఇంట్లో రొట్టె ముక్క కింద పడితే పీరాంబీ తీసి ముద్దు పెట్టుకుని ఎత్తున పెడద్దక్కా. నాకు తెలవని సంగతి కాదు. ఆ రోజే ఒక్క మాట అని ఉంటే కింది అరని పైకి జరిపేవాణ్ణి గదా. బెజ్జాలున్నది దానికే. ఇప్పుడైనా జరపనా? మోకాలి పైదాకా జరిపినా నిలబడుద్ది."

స్పానరు పట్టుకుని ఎదురు చూశాడు. నేను పిన్ని వైపు చూశాను. పిన్ని ఎటో చూస్తోంది.

"వద్దన్నా. కిందనే ఉండనీ."

ఆయనను ఆగమని చెప్పి, కింది అర కడిగి, తుడిచి, అంచు పొడుగునా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను. ముందు నాపరాళ్ళ మీద చిన్న ముగ్గు వేశాను. చీపుళ్ళకు తలుపు వెనక మేకు కొట్టించాను. నేను లేచేదాకా ముర్తుజా అన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత బస్తాలు ఆయనే మోసి ఒక్కొక్కటే కింద పెట్టాడు.

దారానికి బరువు కట్టి వేలాడదీశాడు. తిన్నగా ఉంది. గోడ కూడా తిన్నగానే ఉంది. మా ఆయనకు చెప్పలేదు, మళ్ళీ మొదలుపెడతాడు.

నవంబరు 17, సోమవారం

చివరి సోమవారం. చాలా రద్దీ. చెన్నకేశవులు అన్నయ్య తనే బియ్యం తెస్తానని స్టోరులోకి వచ్చాడు. వంగి బస్తా లాగి, లేవబోతూ పై అరకు తల కొట్టుకున్నాడు.

"అబ్బా! ఏందమ్మాయ్ ఇది!"

"ఇంకొంచెం వంగాలి అన్నయ్యా" అన్నాను. గట్టిగానే అన్నాను.

నవంబరు 21, శుక్రవారం

కార్తీకం అయిపోయింది. తెల్లవారుజామున అరటి దొప్పలో దీపాలు వదిలి, తిన్నగా గుడికి వచ్చాను. కాలేజీలో ర్యాకులు సగం దాకా లేచాయని పీరాంబీ నిన్న చెప్పింది. పుస్తకాల్లో లావుపాటివి కింద పెట్టమని ముర్తుజా అన్న ప్రిన్సిపాలు చేత రెండుసార్లు చెప్పించుకున్నాడట.

ఈ రోజు వంట కొంచెమే. బియ్యం తీయడానికి ముగ్గు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. పైన ఉన్న రోజుల్లో భవ్యను స్టూలు ఎక్కమనేదాన్ని, నిలబడి చేట పట్టేదాన్ని. ఇప్పుడు తల వంచకుండా ఒక్క గింజ రాదు. కిందికి వంగితే బస్తాలోంచి కొత్త గోనె వాసన, బియ్యం వాసన మొహానికి తగులుతాయి. కళ్ళకద్దుకోవడానికి వేరే వంగక్కర్లేదు.

మోకాళ్ళు మాత్రం నొప్పులు. రేపటికి ఒక చిన్న పీట తెచ్చుకోవాలి.